అవసరం లేదంట

నాకు కోపం జాస్తి. తిరుత్తణిలో అరక్కోణం రోడ్డు మీద పచ్చయ్యప్ప షెడ్డు యాడుండాదని అడిగి చూడండి, ఒక్కడూ చెప్పడు. కోపిష్టి మెకానిక్కు షెడ్డని అడగండి, చంటిబిడ్డ కూడా చెయ్యి చూపిస్తుంది. స్పానరు ఇసిరేస్తానంట, బండి సరిగ్గా చూసుకోనోణ్ణి తిడతానంట. అవును, తిడతాను. ఇంజన్లో ఆయిలు లేకుండా బండి నడిపేవాణ్ణి ముద్దు పెట్టుకోమంటారా?

నేను చెప్పబోయేది ఆ కోపం గురించే. ఒక్క దినం, కోపం రావాల్సిన దినం, అది రాకుండా పోయింది. దాంతో నాకు ఏడేండ్లు మన్నైపోయినాయి.

మాది నేతోళ్ళ ఇల్లు. మా నాయన మునిస్వామికి రెండు మగ్గాలుండేవి. మా అమ్మ కన్నియమ్మది నగరి పక్కన పల్లె, అంటే ఇప్పుడు ఆంధ్రా. ఇరవై ఏండ్ల దాకా నేనూ మగ్గం గుంటలోనే కాళ్ళు పెట్టుకోని కూర్చున్నాను. పోగు తెగితే చూడకుండానే రెండు వేళ్ళతో ముడేసే చెయ్యి నాది. మగ్గం కంటే ఇంజను మీద మనసు ఎక్కువయ్యి షెడ్డు పెట్టుకున్నాను, మా నాయన రెండేండ్లు నాతో మాట్లాడలేదు. కోపం యాడి నుంచి వచ్చిందో మీకిప్పుడు అర్థమయ్యుంటుంది.

డెబ్బై ఆరులో శివప్రకాశం అనే మనిషి నా షెడ్డుకొచ్చినాడు. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్ ఆయనది. ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో పని. నాకంటే ఐదారేండ్లు చిన్న. అరవాయన, కానీ నాతో మాట్లాడేటప్పుడు తెలుగు కలిపేవాడు, నేను అరవం కలిపేవాణ్ణి. మేమిద్దరం మాట్లాడుకునేది ఏ బాసో కొండ మీద మురుగనికే తెలియాల.

"అణ్ణే, నాకొక స్పోర్ట్స్ కారు కట్టాల," అన్నాడు.

"నీకు తిక్కేమన్నా పట్టిందా?" అన్నాను.

"ఆమా," అన్నాడు నవ్వి. అవునంట! నేనూ నవ్వేసినాను. అట్ల మొదలైంది.

ఏడాది పైన పట్టింది కట్టేదానికి. ఆదివారం వస్తే చాలు, రైలెక్కి వచ్చేసేవాడు. ఒక పాత కారు చాసిస్ తీసుకోని, దాని మీద అల్యూమినియం రేకు కొట్టి బాడీ చేసినాము. తలుపుల్లేవు, పైకప్పు లేదు. సీట్లు మాత్రం రెండు. రేసులో పోయేది డ్రైవరు ఒక్కడే, రెండోది ఖాళీగానే ఉంటుంది. అయినా రెండు సీట్లుంటేనే స్పోర్ట్స్ కారని క్లబ్బోళ్ళ రూలంట.

"ఎవడూ కూర్చోనిదానికి సీటెందుకురా?" అని గొణుక్కుంటా కుట్టినాను ఆ రెండో సీటు.

"అది నీది అణ్ణే," అన్నాడు. "నువ్వు పక్కనున్నావని అనుకోని నడుపుతాను."

అట్లాంటి మాటలు చెప్పేవాడు. నేను విననట్టు సుత్తితో రేకు కొట్టేవాణ్ణి. కానీ ఆ సీటుకు కుట్లు రెండు వరసలేసినాను, గట్టిగా.

కారు బాగా వచ్చింది. ఒకటే రోగం. చోళవరంలో యుద్ధం కాలంనాటి విమానాల మైదానం ఉండాది కదా, రేసులు జరిగేది ఆడనే. మొదటిసారి ఆడికి తీసుకుపోయి నడిపి చూస్తే, ఐదో రౌండుకే కారు నిలిచిపోయింది. పైన ఎండ, కింద కాంక్రీటు వేడి, ఇంజను సెగ. ఈ మూడింటికీ పంపులో పెట్రోలు కాగి ఆవిరైపోతా ఉండాది. ఆవిరి పడితే పంపు పెట్రోలు లాగదు. అందరూ చేసేది పంపు మీద తడి గుడ్డ వేసేది. అది పది నిమిషాల్లో ఆరిపోతుంది, లేదంటే ఎగిరిపోతుంది.

నేనొక పని చేసినాను. గుడ్డ కోసినంక మగ్గం మీద మిగిలిపోయే పడుగు పోగులు తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, పంపుకు చుట్టినాను. లోపలి చుట్టు బిగువు, దాని మీద వదులు, మళ్ళీ బిగువు. కండెకు నూలు చుట్టినట్టే. ఆ చుట్టు గంటసేపు నీళ్ళు పట్టి ఉంచింది, కారు ఒక్కసారి కూడా నిలబడలేదు. కానీ దాన్ని ముందుగా చుట్టి పెట్టేదానికి లేదు, ఆరిపోతుంది. రేసుకు గంట ముందర కూర్చోని తడి పోగుతో చుట్టాల. శివప్రకాశం నేర్చుకోవాలని చూసినాడు. వాడు చుట్టింది చూస్తే నవ్వు వచ్చింది, ముసలమ్మ కొప్పు మాదిరి ఉన్నింది. సరే, ఎండలో ఆ కారు పరిగెత్తాలంటే నేనుండాల. ఆ మాట నాకెంత ఇష్టంగా ఉన్నిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ సీజన్‌లో మూడు రేసులు. అక్టోబరులో బెంగళూరు, డిసెంబరులో కలకత్తా, డెబ్బై ఎనిమిది ఫిబ్రవరిలో చోళవరం. మూడింటిలో వచ్చిన పాయింట్లు కూడి చూసి ఛాంపియన్‌ ఎవరని చెప్తారు. బెంగళూరులో మేము మొదట వచ్చినాము. మేము అంటే వాడు. అయినా నేను మేము అనే అంటాను.

కలకత్తాలో రెండో స్థానం. అంటే చోళవరంలో మూడో వాడిగా వచ్చినా చాలు, ఛాంపియన్‌ మా వాడే. సంతోషంగా తిరిగి రావాల్సింది. ఏం జరిగిందో వినండి. రేసుకు ముందర నేను పంపుకు పోగులు చుడతా ఉంటే, పెద్ద పెద్దోళ్ళ మెకానిక్కులు తెల్ల కోటులేసుకోని చుట్టూ చేరినారు. ఒకడు హిందీలో ఏదో అన్నాడు. అందరూ పకపకా నవ్వినారు. ఇంజనుకు చీర కట్టినాడు చూడండి అన్నాడంట, మన పక్కోడు ఒకాయన నాకు అరవంలో చెప్పినాడు. తలెత్తి చూస్తే శివప్రకాశం కూడా వాళ్ళతో కలిసి నవ్వుతా ఉండాడు.

అంతే. మద్రాసు మెయిల్లో రెండు దినాలు కిటికీ బయటికే చూస్తా కూర్చున్నాను. వాడు ప్రతి స్టేషన్లో దిగి టీ తెస్తాడు, నేను పక్కన పెట్టేస్తాను, అది చల్లారిపోతుంది. గూడూరు దాటినంక వాడే అన్నాడు, "అణ్ణే, నాకు హిందీ తెలియదు. వాళ్ళేమన్నారో తెలియకనే నవ్వినాను."

నేను నమ్మలేదు. పెద్ద సాకు కనిపెట్టినాడులే అనుకున్నాను.

ఊరికొచ్చినంక పనిలో పడి కొంచెం కొంచెం మాట్లాడుకున్నాము. కానీ ముల్లు లోపలే ఉండిపోయింది. ఎప్పుడో ఒకనాడు వీడు నన్ను వద్దంటాడు, తెల్ల కోటు మెకానిక్కును పెట్టుకుంటాడు అని ఎదురు చూసేవాణ్ణి. అట్ల ఎదురు చూడటం మంచిది కాదు. మనం ఏది ఎదురు చూస్తామో అదే చెవిలో పడతాది.

చోళవరం రేసు ఆదివారం. శనివారం మధ్యాహ్నమే రమ్మని వాడు కార్డు రాసినాడు, ఆడ వాడు దిగే చోటి ఫోను నంబరు కూడా పెట్టి. నేను మూడు చిలపల నూలు సంచిలో పెట్టుకోని బయలుదేరబోతే అమ్మకు జ్వరం. ఒళ్ళు కాలిపోతా ఉండాది. నాయన అప్పటికే లేడు. ఏం చేసేదని జౌళి అంగడి నాగలింగం మామ కాడికి పరిగెత్తినాను. మా వీధిలో ఫోనుండేది ఆయన అంగట్లోనే. ఆయనా నేతాయనే, తెలుగాయనే.

"మామా, ఈ నంబరుకు ట్రంక్ కాల్ వేసి, అమ్మకు జ్వరంగా ఉండాది, ఎప్పుడు రావాలో చెప్పమని అడుగు," అన్నాను. ట్రంక్ కాల్ దొరికేదానికి ఎన్ని గంటలు పడుతుందో ఎవరికి తెలుసు? నేను అమ్మ కాడికి వచ్చేసినాను.

దీపాలు పెట్టే వేళకు నాగలింగం మామ సైకిల్ మీద పోతా పోతా, దిగకుండానే ఒక కాలు మా అరుగు మీద ఆనించి చెప్పినాడు.

"పచ్చయ్యప్పా, ఫోను దొరికింది. అవసరం లేదంట. అమ్మను చూసుకోమన్నాడు."

సైకిల్ పోయింది. నేను సంచి చేత్తో పట్టుకోని వాకిట్లోనే నిలబడినాను.

అవసరం లేదంట. ఇంకేం చెప్పాల? తెల్ల కోటు మెకానిక్కు దొరికుంటాడు. మర్యాదగా అమ్మను చూసుకోమని ఒక మాట అతికించినాడు. నేను తిట్టలేదు, ఇసిరేసేదానికి ఏమీ వెతుక్కోలేదు. గమ్మున లోపలికి పోయి అమ్మకు మిరియాల చారు కాచినాను. నాకంత నొప్పి అంతకు ముందు ఎప్పుడూ తెలియదు. తిట్టేదానికి కూడా సత్తువ లేకుండా పోయింది.

తెల్లారేసరికి అమ్మకు జ్వరం దిగిపోయింది. లేచి కూర్చోని, "నువ్వు కారుకు పోలేదా?" అని అడిగింది.

"అవసరం లేదన్నారు," అన్నాను.

"అట్లంటే ఎట్ల? నువ్వు కదా చుట్టాల?" అన్నది. నేను షెడ్డుకు పోయి లోపల కూర్చున్నాను. ఎండ ఎక్కే కొద్దీ నా చేతులు ఊరికే ఉండలేకపోయినాయి. నూలు తీసి పైపుకు చుట్టినాను, ఇప్పినాను, మళ్ళీ చుట్టినాను. రేసు పదకొండుకు.

మర్నాడు టీ అంగట్లో దినపత్రికలో చూసినాను. ఇంజను చెడి శివప్రకాశం కారు మధ్యలోనే నిలిచిపోయిందని రెండు లైన్లు. ఛాంపియన్‌ ఎవడో కలకత్తావాడు. నేను నవ్వినాను. అవునండి, నవ్వినాను. కావాల్సిందే వీడికి అనుకున్నాను. ఆ నవ్వు నా సొంత చెవికే బాగలేదు.

పదైదు దినాలకు ఒక కవరు వచ్చింది. చేతిరాత వాడిదే. పోస్టుమ్యాను వేలాయుధం చెయ్యి చాపినాడు. "తీసుకోలేదని రాసి వెనక్కి పంపించెయ్," అన్నాను.

"సదివి పంపకూడదా?" అన్నాడు ఆయన.

"నీ పని నువ్వు చెయ్యవయ్యా!" అని అరిచినాను. కోపం అప్పుడు వచ్చింది, ఎవరి మీద రాకూడదో వాళ్ళ మీద. కవరు వెనక్కి పోయింది. మళ్ళీ ఏదీ రాలేదు.

ఆ తర్వాత ఏడేండ్లు. ఎనబై ఒకటిలో అమ్మ పోయింది. మగ్గాలు ఇచ్చేసినాను. పెండ్లి అప్పుడూ ఇప్పుడూ అంటా ఉండంగానే వయసు దాటిపోయింది, ఈ కోపిష్టోడికి పిల్లనెవరిస్తారు? మధ్యాహ్నం మెస్సులో తింటాను, రాత్రి మిగిలింది తింటాను. షెడ్డులో తిట్టేదానికి మనుషులుంటారు కాబట్టి పగలు గడిచిపోతుంది. ఇంటికొస్తే రేడియో ఒక్కటే. ఆదివారాలు మాత్రం చెడ్డవి. పొద్దున పాసెంజరు వచ్చి స్టేషన్లో ఆగిన చప్పుడు మా ఇంటికి వినపడుతుంది. ఆ చప్పుడైన పావుగంటకు వాడు నవ్వుకుంటా షెడ్డులోకి వచ్చేవాడు. ఏడేండ్లయినా ఆ పావుగంట నేను లెక్కపెట్టకుండా ఉండలేకపోయినాను. ఒంటరిగా ఉండానని చెప్పుకునేదానికి మగోడికి సిగ్గు. సిగ్గయినా చెప్తాను, ఉన్నాను.

పోయిన చిత్తిర నెలలో, అంటే ఎనబై అయిదులో, కొండ మీద గుండు కొట్టించుకోని గంధం పూసుకున్న ఒక పెద్దమనిషి వ్యాను తోసుకుంటా నా షెడ్డుకొచ్చినాడు. పేరు రత్నస్వామి, ఊరు ఆరంబాక్కం, తెలుగాయనే. ఎండకు పెట్రోలు కాగి వ్యాను నిలిచిపోయింది. నేను చిటపటలాడుకుంటానే నూలు నానబెట్టి పంపుకు చుట్టడం మొదలుపెట్టినాను. ఆయన వంగి చూసినాడు. చూస్తానే ఉండాడు.

"అయ్యా, ఆ పోగుల మెకానిక్కు నువ్వేనా?" అన్నాడు.

"ఏ పోగుల మెకానిక్కు?"

"నేను చోళవరంలో రేసులకు జెండా పట్టుకునేవాణ్ణయ్యా. ఒక ఏడు, ఎవడో తిరువళ్ళూరు పిల్లగాడు, పోగుల మెకానిక్కు వస్తాడు, పోగుల మెకానిక్కు వస్తాడు అని మా ప్రాణం తీసినాడు. గేటు కాడ బక్కెట్టు నిండా నీళ్ళు పెట్టుకోని నిలబడినాడు. ఎండకు నీళ్ళు కాగిపోతే పారబోసి చల్లనివి తెచ్చినాడు. రెండు మార్లు తెచ్చినాడు. కార్లన్నీ వరస కట్టినాయి, వచ్చెయ్యి నాయనా అంటే కదలడు. 'నిదానంగా రమ్మని చెప్పినాను, వస్తాడు' అంటాడు. జెండా దించేసినంక అప్పుడు పరిగెత్తుకోని పోయి కారెక్కినాడు."

నా చేతిలో పోగు ఆగిపోయింది.

"అయినా ఏం నడిపినాడయ్యా! అందరికంటే ఎనక నుంచి వచ్చి ఒక్కొక్కర్నీ దాటినాడు. మూడో స్థానానికి వచ్చేసినాడు. ఇంక రెండే రౌండ్లు. అప్పుడు పెట్రోలు కాగి నిలిచిపోయింది. దిగి కారును తన్నలేదు, తిట్టలేదు. ఆ రెండో సీటు మీద చెయ్యి పెట్టుకోని అట్లనే నిలబడినాడు. పాపం. ఎందుకు పోలేదయ్యా నువ్వు?"

నేను వ్యాను అట్లనే వదిలేసి నాగలింగం మామ అంగడికి పరిగెత్తినాను. రత్నస్వామి వెనక నుంచి అరుస్తానే ఉండాడు.

"మామా! ఏడేండ్ల ముందర శివప్రకాశం ఫోన్లో ఏమన్నాడు? అన్నది అన్నట్టు చెప్పు."

నాగలింగం మామ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడెందుకురా అది? ఏమన్నాడు... 'అవసరం ఇల్లై, అమ్మావ పాత్తుక్క సొల్లుంగ, కాలైల మెదువా వరట్టుం' అన్నాడు. అమ్మను చూసుకోమను, పొద్దున మెల్లగా రమ్మను అని. అదే కదా నీకు చెప్పినాను?"

"నువ్వు చెప్పింది అవసరం లేదని!"

"అవును. అవసరం లేదు, తొందర లేదు. అంటే మెల్లగా రమ్మనే కదా?"

"అవసరమంటే తొందరా?"

"మరింకేందిరా? మా ఇంట్లో అట్లనే అంటాము. 'అవసరపడొద్దు, అన్నం తిని పో' అంటే నీకేం అర్థమవుతుంది? నువ్వు పోలేదా ఏంది?" అని అడిగి, నా మొహం చూసి, చేతిలో కండ్లద్దాలు బల్ల మీద పెట్టేసినాడు. "అయ్యో దేవుడా," అన్నాడు.

అరవంలో అవసరమంటే తొందర. అది నాకు తెలియదా? ఇదే మాట అరవంలో ఎవరు చెప్పినా నాకు సరిగ్గా అర్థమయ్యుండేది. కానీ మామ తెలుగులో చెప్పినాడు. నాకు తెలుగంటే మా అమ్మ మాట. నగరి పక్కనుంచి వచ్చిన మా అమ్మకు అవసరమంటే కావాల్సి రావడం. మామ వాళ్ళు ఏడు తరాలుగా ఈడనే ఉండారు, వాళ్ళ తెలుగులోకి అరవం అవసరం వచ్చి కూర్చున్నాది. ఒకే వీధి, ఒకే కులం, నాలుగిండ్ల దూరం. వాడు నాకు తొందర లేదన్నాడు. నేను నువ్వు అక్కర్లేదని విన్నాను.

మామను ఒక్క మాట అనలేదు. అనేదానికేముంది? ఆ మాట అట్ల వినపడితే మాత్రం, నా బుద్ధేమైంది? ఊరంతటినీ తిట్టేవాణ్ణి. ఆ పొద్దున మొదటి రైలెక్కి పోయి, "ఎందుకు అవసరం లేదురా నేను?" అని వాణ్ణి నాలుగు తిట్టుంటే సరిపోయేది. గేటు కాడ వాడు ఎదురుగానే ఉండేవాడు. ఆ కవరు చింపి చూసుంటే కూడా సరిపోయేది. ఇంకొకటి కూడా అప్పుడు తట్టింది. కలకత్తాలో వాడికి హిందీ నిజంగానే తెలియదు.

రత్నస్వామి వ్యాను పని ముగించి పంపించేసి, చేతులు కడుక్కోని, నానబెట్టిన నూలు పిండకుండానే సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అడగొద్దండి. మధ్యాహ్నం పాసెంజరు ఎక్కినాను. కడంబత్తూరులో సిగ్నలు పడక రైలు అరగంట నిలబడింది. ఏడేండ్లు ఊరికే కూర్చున్నవాణ్ణి, ఆ అరగంటకు పెట్టెలో అటూ ఇటూ తిరిగినాను. తిరువళ్ళూరులో దిగి, పట్టాలు దాటి, మణవాళనగర్‌లో అడుక్కుంటా పోయినాను.

చిన్న ఇల్లు. కారు యాడా కనపడలేదు. వరండాలో మాత్రం రెండు కారు సీట్లు పక్కపక్కన వేసి ఉండాయి, కుర్చీల మాదిరి. నా కుట్లు నేను గుర్తు పట్టనా? కుడి పక్క సీటు కూర్చోని కూర్చోని అరిగి గుంట పడింది. ఎడమ పక్కది కుట్టినప్పుడు ఎట్లుండిందో అట్లనే ఉండాది, దుమ్ము తుడిచి.

ఒకామె తలుపు తీసింది. ఇంద్రాణి, వాడి భార్య. నేను వాణ్ణి పోగొట్టుకున్న తర్వాత జరిగిన పెండ్లి, ఆమెకు నేనెవరో తెలియదు. నేనూ పేరు చెప్పుకోలేదు. తిరుత్తణి నుంచి వచ్చినాను, శివప్రకాశాన్ని చూడాల అని మాత్రం అన్నాను. సంచిలోంచి నీళ్ళు కారి ఆమె గడప మీద పడతా ఉండాయి.

రాత్రి షిఫ్టుకు పోవాల, ఇప్పుడే పడుకున్నారు అని ఆమె అరవంలో చెప్పింది. లోపలికి ఒకసారి తిరిగి చూసి, మళ్ళీ నా చేతిలో సంచి వైపు చూసి అడిగింది.

"అవసరమా?"

అరవంలో అడిగింది. తొందర పనా, లేపాలా అని. ఇంకొక దినమైతే, లేదమ్మా, పడుకోనీ, మళ్ళీ వస్తాను అని వెనక్కి తిరిగి స్టేషనుకు పోయుండేవాణ్ణి. నేను మా అమ్మ తెలుగులో జవాబు చెప్పినాను.

"అవసరమేనమ్మా," అన్నాను. "చానా అవసరం."